తోడు వెళ్ళినవాడు

2002 జూలైలో మా అబ్బాయికి పదిహేడేళ్ళు. టొరంటోలో జరిగే ప్రపంచ యువజన దినోత్సవానికి డెట్రాయిట్ దగ్గర మా చర్చి నుంచి నలభైమంది పిల్లలు బస్సులో బయల్దేరుతుంటే, తోడుగా పెద్దవాళ్ళు కావాలన్నారు. పేరిచ్చాను. భక్తితో కాదు, భయంతో. ఆ జనవరిలోనే బోస్టన్ గ్లోబ్ పత్రిక అక్కడి కథంతా బయటపెట్టింది. పిల్లల్ని చెరిచిన ఫాదర్లని పైవాళ్ళు శిక్షించకుండా ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మారుస్తూ పోయారట. "మీరు వెళ్తేనే వాణ్ణి పంపుతాను" అంది మా ఆవిడ.

మాది గుంటూరు జిల్లా. ఫాదర్ గారు ఇంటికొస్తే మంచం మీద కొత్త దుప్పటి పరిచేవాళ్ళం. ఆయన్ని అనుమానించవచ్చన్న ఊహే మాకు లేదు.

డౌన్స్‌వ్యూ ఒకప్పటి సైనిక విమానాశ్రయం. 27వ తేదీ రాత్రి జాగరణ. కనుచూపు మేరంతా కొవ్వొత్తులు. ఆదివారం పూజకి లేపితే దుప్పటి ముసుగు తన్నే మావాడు గడ్డిలో మోకాళ్ళమీద చాలాసేపు ఉండిపోయాడు. తెల్లవారుజామున గాలీ వానా. ఏ దేశం పిల్లలో, భాష రాదు, వాళ్ళ ప్లాస్టిక్ పట్టా కింద వీడికీ కాస్త చోటిచ్చారు. పూజ వేళకి ఎండ కాసింది. ముద్దగా తడిసి నా దగ్గరికొచ్చి, "నాన్నా, ఇన్నాళ్ళూ నువ్వు రమ్మన్నావని వచ్చాను. ఇకనుంచి నేనే వస్తాను" అన్నాడు.

సంతోషించాలి కదా! నాకు మాత్రం అనుమానమొచ్చింది. లక్షలమంది మధ్య, పాటల మధ్య, నిద్ర లేని కళ్ళకి కలిగింది విశ్వాసమేనా? మొదటాట సినిమాకెళ్తే పక్కవాడి ఈల విని మనమూ ఈల వేస్తాం. ఇదీ అలాంటిదేనేమో!

కానీ ఆ మాట అనే అర్హత నాకుందా? గుణదల కొండ నేను ఎక్కిందెలా? ఫిబ్రవరి తిరునాళ్ళలో, కొబ్బరికాయల వాసనలో, కొత్తగా గుండు చేయించుకున్న తలల మధ్య, అమ్మ కొంగు పట్టుకుని. మరియమాత ఎవరో నాకు తెలియదు, అమ్మ కొంగు తెలుసు. తెలుగు కూడా నేను ఒంటరిగా కూర్చుని నేర్చుకున్నది కాదు. అంతమాత్రాన నా తెలుగు దొంగ తెలుగా? గుంపులో పుట్టినంత మాత్రాన ఏదీ అబద్ధమైపోదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. పదిమందితో కలిసి నమ్మడం నేర్పిన ఆ గుంపే, ఒక్కణ్ణీ నోరెత్తి అడగకుండా చేస్తుంది. కొత్త దుప్పటి పరిచిన చేతులకి ఆ మంచం మీద కూర్చున్న మనిషిని ప్రశ్నించడం చేతకాదు. బోస్టన్ పిల్లల తల్లిదండ్రులు మాకన్నా తెలివితక్కువవాళ్ళేమీ కారు.

ఆ ఆదివారం పోప్ జాన్ పాల్ ప్రసంగంలో ఆ సంగతి ఎత్తారు. కొందరు గురువులు చేసిన హాని విచారాన్నీ సిగ్గునీ కలిగిస్తోందన్నారు. వెంటనే, మంచి గురువులే అత్యధికులని గుర్తు చేశారు. తిరుగు ప్రయాణంలో మావాడు అడిగాడు: "సిగ్గుపడ్డారు, సరే. ఆ వెంటనే మంచివాళ్ళ లెక్క ఎందుకు నాన్నా? దెబ్బ తిన్నవాడికి ఆ లెక్కతో ఏం పని?"

కాసేపటి క్రితమే నమ్మకం దొరికిందన్న కుర్రాడు! నమ్మకం పోయి అడగలేదు, దొరికింది కాబట్టే అడిగాడు. నేనేం చెప్పాను? "చాలామంది మంచివాళ్ళేరా" అన్నాను. పోప్‌గారు చెప్పిందే.

ఆయన టొరంటోలో దిగినప్పుడు, ఎనభై రెండేళ్ళ వయసులో, అంత జబ్బుతో, లిఫ్ట్ వద్దని విమానం మెట్లు నడిచి దిగుతుంటే టీవీలో చూసి ఏడ్చాను. 2014లో ఆయన్ని పునీతుణ్ణి చేశారు. 2020 నవంబరులో వాటికన్ తన నివేదికని తనే వెలువరించింది. మెకారిక్ గురించి ముందే హెచ్చరికలు అందినా, 2000లో ఆయన్ని వాషింగ్టన్ ఆర్చిబిషప్‌గా నియమించింది ఈ పోప్‌గారే. ఆ రాత్రి మావాడు ఫోన్ చేశాడు. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

వాడు చర్చి మానలేదు. అక్కడి పిల్లలకి జ్ఞానోపదేశం చెబుతాడు. గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంచుతాడు. మొదటి రోజే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, "నన్ను కూడా నమ్మేయకండి, వచ్చి చూసి వెళ్తూ ఉండండి" అంటాడట. కొందరు నొచ్చుకున్నారు. మా అమ్మ ఉంటే తనూ నొచ్చుకునేది.

2027లో ఈ ఉత్సవం సియోల్‌లో. మనవరాలు వెళ్తానంటోంది. తోడు వెళ్ళే పెద్దవాళ్ళలో వాడు ఇప్పుడే పేరిచ్చేశాడు. ఎందుకని నేను అడగలేదు. టొరంటోకి నేనెందుకు వెళ్ళానో వాడికి ఇంతవరకూ చెప్పలేదు.