శిక్ష అను మాట

హిందీ గ్రంథమును తెనుగు చేయువానికి తెలియని మాటవలన కలుగు కీడు స్వల్పము. అది ఎదురుపడగానే అతడు ఆగి నిఘంటువు తెరచును. తెలిసినట్లు తోచు మాటయే వంచించును. ప్రేమచందును హిందీవారు 'ఉపన్యాస సమ్రాట్' అందురు. అది విని ఒక తెలుగువాడు ఆయనను మహావక్తగా ఊహించుకొనిన ఎవరికిని నష్టము లేదు; అచట ఉపన్యాసమనగా నవల. 'శిక్ష' సంగతి అట్టిది కాదు.

హిందీ, బెంగాలీలలో శిక్ష యనగా విద్య. తెలుగు, కన్నడము, మలయాళము, మరాఠీలలో దండనము. మూలము మాత్రమొకటే. సంస్కృతమున 'శక్' ధాతువునకు ఇచ్ఛార్థము చేరగా 'శిక్ష్' ఏర్పడినది: చేయగలవాడు కావలెనని కోరుట, అనగా నేర్చుకొనుట. ఆ కోరిక నేర్చువానిది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో, చదువు ముగించిన శిష్యునకు గురువు చెప్పు హితవు కలదు. అందెక్కడను బెత్తము కనబడదు.

మరి శిష్యుని కోరికకు పేరైన మాట అతని వీపుమీది దెబ్బకు పేరగుట ఎట్లు? కొట్టనిదే చదువు రాదని పెద్దలు నమ్మియుందురు. ఆ నమ్మకమే అర్థమై స్థిరపడియుండును. తెలుగున 'బుద్ధి చెప్పెదను' అన్నవాడు హితవు చెప్పబోవుచున్నాడో, చేయి చేసికొనబోవుచున్నాడో కంఠస్వరమును బట్టి గ్రహింపవలసినదే. హిందీవారును ఇందు నిర్దోషులు కారు. పాఠము నేర్పుట యను అర్థముగల 'సబక్ సిఖానా' వారి నోట తరచుగా బెదిరింపే. దెబ్బ తిన్న బాలుడు నేర్చినది భయమో, పాఠమో కొట్టినవాడు విచారింపడు. మాట తనకు అనుకూలముగా నున్నది గదా!

తెలుగు ఈ చిక్కును కొంత గుర్తించినట్లే యున్నది. నేర్పుటకై 'శిక్షణ'ను వేరుగా నిలుపుకొన్నది. శిక్షణ పొందినవానికి ఉద్యోగము, శిక్ష పొందినవానికి చెరసాల.

2009లో పార్లమెంటు చేసిన బాలల విద్యాహక్కు చట్టమునకు హిందీ పేరులో 'బాల శిక్షా కా అధికార్' అని యున్నది. హిందీలో అధికారమనగా హక్కు. రెండు మాటలను తెలుగు చెవితో వినువానికి అది బాలలను దండించు అధికారమైపోవును. ఆ చట్టముయొక్క 17వ సెక్షను బడిలో పిల్లలను శారీరకముగా దండించుటను, మానసికముగా వేధించుటను నిషేధించుచున్నది.