‘ఎవరు?’ – ‘ఎందుకు?’: ‘ది వాకింగ్ డెడ్’ ప్రేక్షకుల ఊహల్లో వితర్కం, శోకం

ఒక పాత్ర మరణించిందని చూపి, మరణించినది ఎవరో చెప్పకుండా ప్రేక్షకుణ్ణి నిలిపి ఉంచితే అతనిలో కలిగే భావాన్ని ఏమని పేర్కొనాలి? శోకమందామంటే ఆ శోకానికి ఆలంబనం లేదు. భయమందామంటే జరగవలసిన ఘోరం అప్పటికే జరిగిపోయింది. 2016 ఏప్రిల్ 3న అమెరికాలోని ఏఎమ్‌సీ చానల్లో ప్రసారమైన ‘ది వాకింగ్ డెడ్’ ఆరవ సీజన్ చివరి ఎపిసోడ్ తన ప్రేక్షకులను సరిగ్గా ఈ స్థితిలో విడిచిపెట్టింది. నేగన్ అనే ప్రతినాయకుడు పదకొండు మందిని మోకాళ్లపై కూర్చోబెట్టి, పిల్లలు ఆటలో దొంగను ఎంచుకోవడానికి పంటలు వేసినట్టు ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, ముళ్లతీగ చుట్టిన బేస్‌బాల్ బ్యాటుతో ఒకరిని మోదుతాడు. కెమెరా హతుని కళ్లలోంచి చూస్తుంది కనుక హతుని ముఖం కనిపించదు. ఆ ముఖం అక్టోబరు 23న, 203 రోజుల తరువాత కనిపించింది. ఈ నడుమ అభిమానులు చేసిన ఊహాగానాల నైతిక స్వరూపమేమిటన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

రాబర్ట్ కిర్క్‌మన్ రచించగా 2003లో వెలువడటం ప్రారంభమైన కామిక్ ఈ ధారావాహికకు మూలం. ఫ్రాంక్ డారబాంట్ దానిని టెలివిజన్‌కు మలిచాడు. 2010 అక్టోబరు 31 నుండి 2022 నవంబరు 20 వరకు పదకొండు సీజన్లుగా, 177 ఎపిసోడ్లుగా అది ప్రసారమైంది. చనిపోయినవారు లేచి నడుస్తూ బతికున్నవారిని తినే లోకంలో, జార్జియాకు చెందిన రిక్ గ్రైమ్స్ అనే పోలీసు అధికారి వెంట కొద్దిమంది ప్రాణాలు నిలుపుకోవడం ఇందులోని కథ. లోకమంతా ‘జాంబీ’ అని పిలిచే ఆ శవాలను ఇందులోని మనుషులు ఎక్కువగా ‘వాకర్స్’ అంటారు. కాటు పడినవారే కాదు, ఏ కారణం చేత మరణించినవారైనా మెదడు దెబ్బతినకపోతే మళ్లీ లేస్తారని, రోగబీజం అందరిలోనూ ఉందని రెండవ సీజన్ చివర వెల్లడవుతుంది. తమవారి శవానికి మరొక దెబ్బ వేసి దానిని నిజంగా చనిపోనివ్వడం ఆ లోకంలో బంధువుల విధి. ఈ వ్యాసానికి ఇది ముఖ్యం, ఎందుకంటే అక్కడ చనిపోయినవారికి పేరు నిలవడమే దుర్లభం.

ప్రేక్షకుల చర్చ మొదటినుంచీ ఊహాగానమే అయి ఉండలేదు. రెండవ సీజన్లో రిక్ కొడుకు కార్ల్‌కు తుపాకీ గుండు తగులుతుంది. శస్త్రచికిత్సకు కావలసిన సామగ్రి కోసం షేన్, ఓటిస్ వెళతారు. శవాలు తరుముతుండగా షేన్ తన తోటివాణ్ణి కాలిపై కాల్చి, వాటికి ఆహారంగా వదిలి, సామగ్రితో తిరిగి వస్తాడు. పిల్లవాడు బతుకుతాడు. షేన్ చేసినది హత్యా, ఆపద్ధర్మమా? నాల్గవ సీజన్లో, జైలులో ప్రాణాంతకమైన జ్వరం వ్యాపించకుండా ఆపాలని కారల్ ఇద్దరు రోగులను చంపి దహనం చేస్తుంది. రిక్ ఆమెను వెలివేస్తాడు. ఆ వెలి న్యాయమా? ఇటువంటి సందర్భాల్లో అభిమానుల వాదోపవాదాలు మహాభారత శాంతిపర్వంలోని ఆపద్ధర్మ ప్రకరణానికి ఎంతో దూరంలో లేవు. కరువు కాలంలో శ్వపచుని ఇంట కుక్కమాంసం తీసుకోబోయిన విశ్వామిత్రునికీ, వద్దని వారించిన ఆ ఇంటి యజమానికీ నడిచిన సంవాదంలోనూ ప్రశ్న ఇదే: ప్రాణం నిలుపుకోవడం ధర్మాచరణకు సాధనమా, లేక ధర్మాన్ని మినహాయించే నెపమా? అక్కడ వారించినవాడు శ్వపచుడు కావడంలో ఉన్న వ్యంగ్యం ప్రత్యేకంగా పరిశీలించదగినదే గాని, అది వేరే వ్యాసానికి తగిన విషయం.

ఈ దశలో ధారావాహికే తన ప్రేక్షకునికి ప్రశ్నించే పద్ధతిని నేర్పింది. నాల్గవ సీజన్ ఆరంభానికి రిక్ బృందం, కొత్తగా ఎదురైనవారిని చేర్చుకునే ముందు మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఎన్ని శవాలను చంపావు? ఎంతమంది మనుషులను చంపావు? ఎందుకు? మొదటి రెండింటికీ జవాబు అంకె. మనిషిని తేల్చేది మూడవది.

2016లో ఈ మూడవ ప్రశ్నకు చోటు లేకుండా పోయింది. చంపినవాడు ఎవరో తెలుసు. తన మనుషులను రిక్ బృందం చంపినందుకు ప్రతీకారమని అతడే చెప్పాడు కనుక కారణమూ తెలుసు. తెలియనిది హతుడు ఒక్కడే. అందుచేత వితర్కమంతా వడపోతగా మారింది. రిక్ లేక కథ లేదు, డారిల్‌ను చంపితే అభిమానులు సహించరు, మాగీ గర్భవతి, కార్ల్ తండ్రికీ నేగన్‌కూ నడుమ కథ నడిపే కీలకం. కనుక వీరిని తీసివేయాలి. మిగిలినవారిలో అబ్రహాం అంతకుముందే శాషాతో కొత్త జీవితాన్ని గురించి మాట్లాడాడు. కథల్లో అలా మాట్లాడినవారు బతకరు. యూజీన్ తుపాకీగుండ్లు తయారుచేసే విధానాన్ని రిక్ చేతిలో పెట్టాడు. అది వీడ్కోలు వంటిది. కామిక్ నూరవ సంచికలో ఇదే ఘట్టంలో గ్లెన్ మరణించాడు. కాని మూలాన్ని దాటిపోవడం టెలివిజన్ రూపానికి అలవాటే. కామిక్‌లో జీవించే సోఫియా ఇక్కడ రెండవ సీజన్లోనే మరణించింది. అక్కడ త్వరగా పోయిన కారల్ ఇక్కడ నిలిచింది. డారిల్ అక్కడ లేనే లేడు.

ఈ తర్కంలో దోషమేమీ లేదు, చాలావరకు సూక్ష్మమైనది కూడా. అయితే దాని నిర్మాణాన్ని గమనించాలి. ప్రతి మనిషికీ మున్ముందు ఎంత ఉపయోగమో లెక్క కట్టి, ఉపయోగం తీరినవారిని మరణానికి అర్హులుగా నిర్ణయించడమే ఇందులోని పద్ధతి. ఓటిస్ విషయంలో షేన్ చేసిన లెక్క ఇదే. అతడు బృందానికి ఉపయోగాన్ని కొలిచాడు, అభిమాని కథకు ఉపయోగాన్ని కొలుస్తున్నాడు. ఏ ఆలోచనను ధారావాహిక ఆరు సీజన్లుగా పతనంగా చిత్రించిందో, ఆ ఆలోచనలో ప్రేక్షకుణ్ణి ఆరు నెలలకు పైగా శిక్షణకు కూర్చోబెట్టింది.

దీనికి సహజంగా వచ్చే ఆక్షేపణ ఒకటుంది. పాత్రలు కల్పితాలు, వారి మరణాన్ని గురించి లెక్కలు వేసినందువల్ల ఎవరికీ హాని లేదు. ఇది ఒప్పుకోవలసినదే. చదరంగంలో బంటును బలిపెట్టినవాణ్ణి క్రూరుడనరు. కథల్లో మరణాన్ని ఊహించేవారు జీవితంలో కఠినులవుతారని చెప్పడానికీ ఆధారం లేదు. కాని చదరంగపు బంటు తన కోసం దుఃఖించమని ఆటగాణ్ణి కోరదు. ఈ ధారావాహిక కోరుతుంది. దుఃఖించమని పిలిచి, దుఃఖానికి కావలసిన వస్తువును దాచిపెట్టడంలో ఉన్న వైరుధ్యమే ఇక్కడి నైతిక సమస్య.

ఈ వైరుధ్యాన్ని పట్టుకోవడానికి భారతీయ రసచర్చ తగిన పరిభాషను ఇస్తుంది. భరతుడు చెప్పిన ముప్పైమూడు వ్యభిచారిభావాలలో వితర్కం ఒకటి, ఔత్సుక్యం ఒకటి. ఇవి వచ్చి, స్థాయిని పోషించి, తొలగిపోవలసినవి. కరుణానికి స్థాయి శోకం. శోకానికి ఆలంబనం నష్టపోయిన ప్రియజనం. ఆలంబనమే మరుగైనప్పుడు వితర్కం పోషించడానికి స్థాయి ఉండదు, కనుక అదే సింహాసనమెక్కుతుంది. అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో స్ఫుటత్వం లేకపోవడం, ప్రధానం కానిది ప్రధానం కావడం, సంశయం కలగడం అనే మూడూ ఆనాటి ముగింపులో కలిసికట్టుగా కనిపిస్తాయి. అనేకమంది అభిమానులు ఆ ముగింపుపై ఆగ్రహించారు. దానిని సమాచారం దక్కనివారి అసహనంగా కొట్టివేయడం సులభం. దుఃఖించే అవకాశం దక్కనివారి ఆగ్రహంగా చదవడం న్యాయం.

అంతకుముందే ఒక చిన్న పూర్వరంగం జరిగింది. 2015 అక్టోబరు 25న గ్లెన్ శవాల గుంపులో పడిపోగా, చీలుతున్న దేహం అతనిదేనన్నట్టు చూపారు. తరువాతి ఎపిసోడ్లలో నటుడు స్టీవెన్ యూన్ పేరును ఆరంభ నామావళి నుంచి తొలగించారు. చీలినది మీద పడిన నికొలస్ దేహమనీ, గ్లెన్ చెత్తడబ్బా కిందకు పాకి బతికాడనీ నవంబరు 22న తెలిసింది. ఆ నాలుగు వారాలూ అభిమానులు గ్లెన్ కోసం నామావళిలోనూ, నటుల ఇంటర్వ్యూలలోనూ వెదికారు. కథలో కంటే ఎక్కువగా కథ బయటే వెదికారు. మరుసటి ఏడాదికి వితర్కం ఎంత విలువైన సరుకైందంటే, హతుడెవరో తమ అంచనాను ప్రకటించబోయిన ఒక అభిమాన బృందానికి చట్టపరమైన చర్య తీసుకుంటామని చానల్ హెచ్చరిక పంపింది.

తెలుగు ప్రేక్షకునికి ఇక్కడ తన అనుభవం గుర్తుకు రాక మానదు. 2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి’ మొదటి భాగం ఒక హత్య దగ్గర ఆగింది. 2017 ఏప్రిల్ 28 వరకు, ఇరవై ఒక్క నెలలకు పైగా, జవాబు రాలేదు. వ్యాపార లక్షణంలో రెండూ ఒకటే. ప్రశ్న మాత్రం ఒకటి కాదు. రాజమౌళి చిత్రంలో హతుడు తెలుసు, హంతకుడు తెలుసు, తెలియనిది ‘ఎందుకు’. టీకొట్టు దగ్గర, బస్సులో, పెళ్లిపందిట్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయిన ప్రతివాడూ కట్టప్ప మనసులోకి ప్రవేశించక తప్పలేదు. సింహాసనానికి కట్టుబడిన దాస్యం, పెంచిన చేతుల మమకారం, మోసం, రాజాజ్ఞ వీటిని తూచక తప్పలేదు. హాస్యానికి అడిగినా సరే, ఆ ప్రశ్న ధర్మసంకటాన్ని గురించిన ప్రశ్న. ‘ఎవరు’ అని అడిగే ప్రశ్నకు నేగన్ మనసు గాని, హతుని మనసు గాని అవసరం లేదు. పదకొండు పేర్ల పట్టిక చాలు.

‘ఎవరు’ అనే ప్రశ్న స్వభావతః హీనమైనదా? కాదనడానికి సాక్ష్యం ఈ ధారావాహికలోనే ఉంది. 2010 నవంబరులో ప్రసారమైన రెండవ ఎపిసోడ్లో, శవాల గుంపు మధ్యనుంచి తప్పించుకోవడానికి రిక్ బృందం ఒక శవాన్ని నరికి, దాని రక్తమాంసాలను ఒంటికి పూసుకోవలసి వస్తుంది. గొడ్డలి ఎత్తిన రిక్ ఆగుతాడు. శవం జేబులోని పర్సు తీసి, అందులోని లైసెన్సుపై ఉన్న పేరు చదువుతాడు: వేన్ డన్‌లప్. అతని దగ్గరున్న కొద్దిపాటి డబ్బునూ, ఒక స్త్రీ ఛాయాచిత్రాన్నీ చూస్తాడు. అవయవదానానికి అంగీకరించినవాడని ఆ కార్డులోంచి చదివి చెప్పేది గ్లెన్. ఆ తరువాతే గొడ్డలి దిగుతుంది. ఇక్కడ ‘ఎవరు’ అనే ప్రశ్న అక్కరకు వచ్చేది కాదు. దానికి జవాబు తెలిసినందువల్ల ఎవరి ప్రాణమూ నిలవదు. ఉపయోగం కోసం నరకబోయే దేహానికి ఉపయోగంతో పనిలేని పేరును ముందుగా తిరిగి ఇవ్వడం, అంతే. ఆరు సీజన్ల తరువాత అదే ప్రశ్న పొడుపుకథ అయింది.

మరణం ముందే తెలియడం రసభంగమన్న మాట ఈనాటి అభిమానుల్లో బలంగా ఉంది. పురాణ కాలక్షేపానికి అలవాటుపడిన సమాజానికి ఇది కొంత వింతగా తోచవచ్చు. పద్మవ్యూహంలోకి వెళ్లిన అభిమన్యుడు తిరిగి రాడని తెలియని శ్రోత ఉండడు. తెలిసే వింటాడు, తెలిసే కంటతడి పెడతాడు. అతనికి వితర్కంతో పని లేదు గనుక మనసంతా శోకానికి ఖాళీగా ఉంటుంది. ‘ది వాకింగ్ డెడ్’ ప్రేక్షకుల్లో ఇందుకు దగ్గరగా ఉన్నది కామిక్ చదివినవారు. గ్లెన్ మరణం 2012లోనే వారి కళ్లముందు జరిగింది. అయినా మూలాన్ని అనుసరిస్తారో లేదో తెలియని స్థితి వారినీ పందెగాళ్లలోకి నెట్టింది.

2016 అక్టోబరు 23న దాదాపు 1.7 కోట్ల మంది అమెరికన్ ప్రేక్షకులు జవాబు కోసం కూర్చున్నారు. ఆ ఎపిసోడ్ కూడా వెంటనే చెప్పలేదు. హత్య జరిగిన తరువాతి రిక్ ముఖాన్ని ముందు చూపి, మరికొంతసేపు ఊరించింది. చివరకు బ్యాటు దెబ్బ అబ్రహాంపై పడింది. అబ్రహాం అని తేలిన క్షణంలో, మిగిలిన పదిమందీ బతికారన్న లెక్క కూడా తేలింది. ఏప్రిల్ నుంచి గ్లెన్ కోసం, డారిల్ కోసం భయపడినవారికి ఆ క్షణాన కలిగినది ఊరట. దానిని దాచుకోనక్కరలేదు, కథ వారిని అక్కడికే నడిపించింది. కొద్ది నిమిషాలకే డారిల్ కోపం పట్టలేక నేగన్‌ను కొడతాడు. దానికి శిక్షగా రెండవ దెబ్బ గ్లెన్‌పై పడుతుంది. వేన్ డన్‌లప్ కార్డు చదివిన గ్లెన్ భార్య పేరు పలకడానికి ప్రయత్నిస్తూ చనిపోతాడు. ఆ రాత్రి తరువాత అభిమానుల దుఃఖమంతా ప్రధానంగా గ్లెన్ చుట్టూనే చేరింది. కొన్ని వారాల తరువాత హిల్‌టాప్‌లో చూపిన సమాధులు రెండు. అబ్రహాం చనిపోయాడన్న ఎరుకకూ, గ్లెన్‌పై పడిన దెబ్బకూ నడుమ ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో అబ్రహాంకు దక్కినది శోకం కాదు, ఊరట.