ఋణవిముక్తియు, ఇంటి తిరుగటిరాయియు

ధ్యాన భాగములు: 2 రాజులు 4:1–7, నెహెమ్యా 5:1–13, ద్వితీయోపదేశకాండము 24:6, 14–15



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలోని మన కుటుంబములలో తాకట్టు అను మాట ఎరుగని కుటుంబము అరుదు. పూర్వము అరెకరమో, ఇంటి స్థలమో షావుకారు చేతిలో నుండెడిది. నేడు ఇంటి దస్తావేజులు ఒక బ్యాంకులోను, ఇల్లాలి మెడలోని గొలుసు మరియొక బ్యాంకులోను ఉండుట చూచుచున్నాము. అందుచేత పొదుపుగా బ్రదికి, గడువుకు ముందే అప్పు తీర్చివేయవలెనను కోరిక అనేకులలో కలుగుచున్నది. అది మంచి కోరికయే. అయితే ఆ పొదుపు ఎవరి కంచములో నుండి వచ్చుచున్నది? ఈ ప్రశ్నను మనము సాధారణముగా అడుగము. ఈ మాసము దానిని ఆలోచింతము.

అప్పు త్వరగా తీర్చుట ఏల మంచిదో మొదట చూతము. అప్పుచేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడగునని సామెతల గ్రంథకర్త హెచ్చరించెను. ఇది మన పల్లెలకు అలంకారపు మాట కాదు. ఎలీషా యొద్దకు వచ్చిన విధవరాలి కష్టమేమి? భర్త చేసిన అప్పుక్రింద ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవుటకు ఋణదాత వచ్చియుండెను. మన దేశములోను తండ్రి అప్పుక్రింద కొడుకు పాలేరుగా కుదిరి, ఏండ్లతరబడి చాకిరి చేసినను అసలు తీరని కాలముండెను. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది 1976లో మాత్రమే. అంతకుముందు 1938లో, ఈ జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్నప్పుడు, రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టమును తెచ్చెను. అసలుకు రెండింతలు చెల్లించిన రైతు అప్పు తీరినట్లే యని ఆ చట్టము నిర్ణయించెను. రెండింతలు కట్టియు విడుదల పొందనివారు ఎందరో యుండబట్టియే గదా అట్టి చట్టము అవసరమాయెను!

లెక్క చూచినను త్వరగా తీర్చుట లాభమే. ఒక కుటుంబము ఇంటికొరకు 5 లక్షల రూపాయలు, ఏటికి నూటికి 9 వంతున, 15 ఏండ్ల గడువుకు తెచ్చినదనుకొందము. నెల వాయిదా సుమారు 5,071 రూపాయలగును. మొదటి నెల కట్టిన దానిలో 3,750 రూపాయలు వడ్డీకే పోవును. అసలులో తగ్గునది 1,321 రూపాయలు మాత్రమే. 15 ఏండ్లకు వడ్డీయే 4 లక్షల 12 వేలు దాటును. అదే కుటుంబము మొదటినుండి నెలకు వేయి రూపాయలు అదనముగా కట్టగలిగినయెడల, వడ్డీ రేటు మారనంతవరకు, 10 ఏండ్ల 9 నెలలలో అప్పు తీరిపోవును. లక్షా 30 వేలకు పైగా వడ్డీ మిగులును. అదనపు సొమ్మంతయు అసలులోనే తగ్గును గనుక ఇట్లగుచున్నది.

అయితే ఏ అప్పు ముందు తీర్చవలెను? ఇక్కడ లెక్క ఒక మాట చెప్పును, ధర్మము మరియొక మాట చెప్పును. రెండును వినవలెను.

లెక్క చెప్పునది ఏమనగా, ఎక్కువ వడ్డీ గల అప్పు ముందు తీర్చుమని. ఊరిలో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ యనగా ఏటికి నూటికి 24. యాబదివేలకు నెలకు వేయి రూపాయలు కట్టుచు పోయినయెడల, నాలుగేండ్ల రెండు నెలలకు అసలంత వడ్డీ కట్టియుందుము. అసలు అట్లే యుండును. ఇట్టి నోటు ఒకటి ఇంటిలో పెట్టుకొని, తొమ్మిది వంతుల బ్యాంకు అప్పుకు అదనపు సొమ్ము కట్టువారు చిల్లికుండలో నీరు పోయుచున్నారు. మరియు ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయుట తీర్చుట కాదు. సూక్ష్మ ఋణ సంస్థల వసూళ్లను అదుపుచేయుటకు 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చిన సంగతి డ్వాక్రా సంఘములలోని మన సహోదరీలకు జ్ఞాపకముండును.

ధర్మము చెప్పునది వేరు. మనకు వడ్డీలేని అప్పులు కొన్ని యున్నవి. వాటిని మనము అప్పులని లెక్కింపము. వరికోతకు వచ్చిన కూలీలకు ఇంకను ఇయ్యవలసిన కూలి ఒకటి. బావమరది చేబదులుగా ఇచ్చిన పదివేలు ఒకటి. వీధి చివర కొట్టులో ఖాతా వ్రాయించిన పప్పు, నూనె సొమ్ము ఒకటి. వీటికి వడ్డీ పెరగదు, నోటీసు రాదు. కావున ఇవి చివరకు నెట్టబడును. కాని కూలివాని జీతమును సూర్యుడు అస్తమింపక మునుపే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము విధించినది. అతడు బీదవాడు, దానిమీదనే ఆశపెట్టుకొన్నవాడు గనుక. బ్యాంకు ఒక నెల ఆగగలదు, కూలివాని పొయ్యి ఆగదు. ఎవడు వేచియుండలేడో వాని అప్పు మొదటి అప్పు. వేచియుండలేని వారికి చెల్లించిన తరువాతనే వడ్డీల తారతమ్యము చూడవలెను. గడువుకు ముందు బ్యాంకు అప్పు తీర్చితినని సంతోషించువాడు, గడువు దాటిన కూలి తనయొద్ద నిలిచియున్నదేమో చూచుకొనవలెను.

ఇక పొదుపు సంగతి. ఎంత పేదవానికి అప్పిచ్చినను వాని తిరుగటిని గాని, దాని పైరాతిని గాని తాకట్టు పట్టకూడదని మోషే ఆజ్ఞాపించెను. తిరుగటి లేనిదే పిండి లేదు, పిండి లేనిదే రొట్టె లేదు. దానిని తీసికొనుట వాని ప్రాణమును తీసికొనుటయే. సహోదరులారా, ఋణదాతయే ముట్టకూడని తిరుగటిని, ఆ ఇంటి యజమానుడే అప్పు తీర్చు ఆతురతలో ఎత్తుకొనిపోవచ్చునా? చదువుచున్న కుమార్తెను మాన్పించుట తిరుగటిని తీయుట. ముసలి తల్లికి రక్తపోటు మాత్రలు ఆపుట తిరుగటిని తీయుట. అందరికిని వడ్డించి చివరకు మిగిలిన గంజి త్రాగు ఇల్లాలిని చూచి, మా ఇంటిలో పొదుపు బాగుగా జరుగుచున్నదని యజమానుడు చెప్పుట అన్యాయము. తన చుట్టను, తన కాఫీ హోటలును, తన ఊరేగింపు చందాను, అప్పుచేసి చేయు పెండ్లి విందును తగ్గించుకొనుట పొదుపు. ఇతరుల నోటినుండి తీయుటకు ఆ పేరు చెల్లదు.

మన సంఘ స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడు పిడికెడు ప్రభువు భాగముగా వేరొక కుండలో వేయు ఆచారమును ఎరుగుదుము. ఆ పిడికెడు వలన ఇల్లు ఆకలిగొనలేదు. అయినను నెల తిరుగునప్పటికి కుండ నిండెను. పొదుపునకు అది మంచి కొలత. మాటిమాటికి, కొంచెము కొంచెముగా, అందరి భాగములో నుండి సమానముగా తీయవలెను. మన డెల్టాలో వడ్లు నూర్చిన తరువాతను, మినుములు అమ్మిన తరువాతను చేతికి సొమ్ము వచ్చును. అది ఖర్చుల పాలు కాకమునుపే ఒక భాగమును అసలుకు జమకట్టుట తెలివిగలవారి పని.

అంతయు కట్టివేయరాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను, మన తీరమును ఎట్లు ధ్వంసము చేసెనో పెద్దలు చెప్పగా వింటిమి. ఐగుప్తులో యోసేపు సమృద్ధి గల ఏండ్లలో ధాన్యము కూర్చెను గదా. కొన్ని నెలల తిండికిని, ఒక ఆసుపత్రి ఖర్చుకును చాలిన సొమ్ము చేతిలో లేక అప్పంతయు తీర్చినవాడు, మొదటి గాలివానకే తిరిగి నూటికి మూడు రూపాయల వడ్డీకి పోవును.

చట్టము మనకిచ్చిన హక్కులును తెలిసికొనవలెను. మారుచుండు వడ్డీపై వ్యక్తులు తెచ్చిన ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా తీసికొనరాదని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించెను. అప్పు పూర్తిగా తీరిన 30 దినములలో అసలు దస్తావేజులు తిరిగి ఇయ్యవలెననియు, తమ వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లింపవలెననియు 2023లో ఆదేశించెను. అదనపు సొమ్ము కట్టునప్పుడు, వాయిదా తగ్గింపక గడువునే తగ్గింపుడని వ్రాతమూలముగా అడుగుడి. అప్పు తీరిన పత్రము పుచ్చుకొనుడి. రిజిస్ట్రారు కచేరీలో తనఖా నమోదై యున్నచో దానిని రద్దు చేయించుడి.

కడకు అప్పిచ్చు వారికి ఒక మాట. కరవునుబట్టి పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టిన ప్రజల మొర విని, నెహెమ్యా అన్యులను గద్దింపలేదు. తన సహోదరులైన యూదుల ప్రధానులనే నిలువదీసెను. వారు తీసికొనిన వడ్డీ నూటికి ఒకటి. మనలోను ఆదివారము ఒకే బల్లమీద కూర్చుండి, సోమవారము నూటికి రెండు, మూడు వసూలు చేయువారు లేరా? అప్పు తీర్చువానికి పొదుపు ధర్మమైతే, అప్పిచ్చువానికి కనికరము ధర్మము.

ఎలీషా ఆ విధవరాలితో నూనె అమ్మి అప్పు తీర్చుమని చెప్పి ఊరకుండలేదు. మిగిలిన దానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడని ఆ నోటనే చెప్పెను. అప్పు తీరిన తరువాత ఎప్పుడో బ్రదుకుదమనుట గాని, నేడు బ్రదికి అప్పు సంగతి రేపు చూతమనుట గాని దైవజనుని మాట కాదు. ఈ వారము కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కూడి కూర్చుండి, ఇంటి అప్పులన్నియు, కూలి బాకీ సహా, ఒక కాగితముపై వ్రాయుడి. దాని ప్రక్కనే, ఎంత కష్టమైనను ముట్టరాని మన ఇంటి తిరుగటిరాళ్లేవో వ్రాయుడి. ఆ రెండు పట్టీలును ఇంటివారందరు చూచి ఒప్పుకొనిన తరువాతనే బ్యాంకునకు పొండి.