రాలేది ఎవరు? ఉల్కాపాతం, పుణ్యక్షయం, శూన్యత

ఒక దృశ్యానికి భౌతిక కారణం తెలిసిన తరువాత దానికి మతపరమైన అర్థమేదైనా మిగులుతుందా అన్న ప్రశ్న పాతదే. ఏటా ఆగస్టు 12, 13 తేదీల రాత్రులలో ఉద్ధృతమయ్యే పర్సీడ్ ఉల్కాపాతం ఆ ప్రశ్నను సూటిగా ముందుకు తెస్తుంది. ఐరోపా, అమెరికా వాసులకు ఇది వేసవి వేడుక కాగా, పల్నాడు జిల్లా అచ్చంపేటలో వానాకాలపు మబ్బులు విడివడినప్పుడు మాత్రమే కనిపించే దృశ్యం. అయినా ఈ విచారణకు అచ్చంపేట తగిన చోటే. కృష్ణాతీరంలో దానికి తూర్పున అమరావతిలో మహాస్తూప శిథిలాలు, అమరేశ్వరాలయం ఒకే ఊళ్లో ఉండగా, పడమట నాగార్జునకొండ ఉంది. రాలిపోవడాన్ని గురించి వైదికులూ బౌద్ధులూ చేసిన రెండు వేర్వేరు ఆలోచనలకు ఈ నేల ఇరువైపులా చోటిచ్చింది.

ఈ ఉల్కలకు మూలం 1862లో కనుగొన్న స్విఫ్ట్-టటిల్ తోకచుక్క. దాదాపు 133 ఏళ్లకొకసారి సూర్యుణ్ణి చుట్టివచ్చే ఈ తోకచుక్క చివరిసారి 1992 డిసెంబరులో సూర్యుని సమీపానికి వచ్చింది. అది తన దారి పొడవునా విడిచిన ధూళిని భూమి ఏటా ఆగస్టులో దాటుతుంది. అప్పుడు చాలావరకు ఇసుక రేణువులను మించని కణాలు సెకనుకు 59 కిలోమీటర్ల వేగంతో గాలిలో చొరబడి, సుమారు నూరు కిలోమీటర్ల ఎత్తున మండి వెలుగుతాయి. తోకచుక్క కక్ష్యకూ ఈ ఉల్కలకూ గల సంబంధాన్ని ఇటలీ శాస్త్రవేత్త షియపరెల్లి 1866లో నిరూపించాడు. సమాంతరంగా వచ్చే ఈ కణాలు చూపుకు పర్సియస్ నక్షత్రమండలం నుంచి వెదజల్లినట్లు తోస్తాయి కనుక ఆ పేరు వచ్చింది. హిందీ ఖగోళ పరిభాషలో ఆ మండలాన్ని యయాతి అంటారు. అచ్చంపేట అక్షాంశం నుంచి చూస్తే ఆ మండలం రాత్రి పది ప్రాంతంలో ఈశాన్యాన ఉదయించి, తెల్లవారే వేళకు ఆకాశంలో సగం ఎత్తుకు చేరుతుంది కనుక, అర్ధరాత్రి దాటాక ఉల్కలు ఎక్కువగా కనిపిస్తాయి.

ఉల్కలను గురించిన సంప్రదాయ ఆలోచనలలో మొదటిది శకున దృష్టి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉత్పాతాన్ని, అంటే కీడును ముందుగా సూచించే వికారాన్ని, ప్రకృతి తన సహజస్థితికి భిన్నంగా మారడంగా నిర్వచించి, దానిని దివ్యం, ఆంతరిక్షం, భౌమం అని మూడుగా విభజించాడు. ఉల్కలను అతడు గ్రహ నక్షత్రాల వికారాలతో దివ్యంలో చేర్చక, పరివేషం, ఇంద్రధనుస్సుల సరసన ఆంతరిక్షంలో ఉంచడం గమనించదగినది. అయితే ఆ నిర్వచనాన్నే ప్రమాణంగా తీసుకుంటే, తిథి చెప్పి వచ్చినట్లు ఏటా వచ్చే ఉల్కాపాతం ఉత్పాతం కాజాలదు. అది ప్రకృతి తప్పడం కాదు, ప్రకృతి తన క్రమాన్ని పాటించడం. 1910లో హేలీ తోకచుక్క కనిపించిన కాలంలో గురజాడ ముత్యాల సరములు రాసి, లోకులు కీడుగా భావించిన ఆ తోకచుక్కను సంఘసంస్కరణకు పతాకగా చూపడం కూడా ఈ శకున దృష్టిని నిరాకరించడమే. శకునం పోయినంత మాత్రాన మతార్థం పోదనడానికి గ్రహణమే సాక్ష్యం: గ్రహణం నీడల వల్ల కలుగుతుందని ఆర్యభటుడు, వరాహమిహిరుడు చెప్పిన తరువాత కూడా గ్రహణ స్నానం, జపం, దానం ఆగలేదు. ఆచారానికి ఆధారం కారణం తెలియకపోవడం ఒక్కటే అయివుంటే అవి ఏనాడో ఆగిపోయేవి.

రెండవది పుణ్యక్షయ దృష్టి. స్వర్గంలో శుభఫలాలను అనుభవించి కిందికి పడేవారి రూపాలే ఉల్కలని బృహత్సంహితే చెబుతుంది. కర్మ వల్ల సంపాదించినది ఏదైనా కర్మలాగే పరిమితమైనదని, కనుక పుణ్యం ఖర్చయ్యాక పతనం తప్పదని ఉపనిషత్తులు, భగవద్గీత బోధించిన సిద్ధాంతానికి ఇది ఆకాశంలో దొరికిన ఉదాహరణ. ఆ ఉల్కల మండలానికి హిందీలో పేరైన యయాతి కథ కూడా ఇలాంటి పతనమే; అది నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో ఉంది. తపస్సులో తనకు సాటి దేవతలలోను, మనుష్యులలోను, మహర్షులలోను లేరని ఇంద్రునితో పలికిన యయాతి ఆ మాటతోనే పుణ్యం కోల్పోయి స్వర్గం నుంచి పడిపోతాడు. ఇక్కడ పుణ్యం అనుభవం వల్ల కరగలేదని, తనదని చెప్పుకొని ఇతరులను తక్కువ చేయడం వల్ల నశించిందని గుర్తించాలి.

మూడవది శూన్యతా దృష్టి. దాదాపు క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన బౌద్ధాచార్యుడు నాగార్జునుని పేరును సంప్రదాయం నాగార్జునకొండతో ముడిపెట్టింది. ఆయన మూలమధ్యమకకారికలోని రెండవ ప్రకరణం గతాగత పరీక్షలో, పోవడం అనే క్రియ నుంచి పోయేవాడిని వేరుగా గాని, దానితో ఒకటిగా గాని స్థాపించలేమని వాదించాడు. ఉల్క విషయంలో ఈ వాదం తేలికగా బోధపడుతుంది. గాలి తగలకముందు అది చీకటిలో తిరిగే రేణువే తప్ప ఉల్క కాదు. వెలుగు ఆరిన తరువాత కూడా ఉల్క అనదగినది ఏదీ ఉండదు. రేణువు, వేగం, గాలి కలిసిన క్షణంలోనే ఉల్క ఉంది. పైగా ధూళి వచ్చి భూమిపై పడుతోందనడం ఎంత నిజమో, భూమి వెళ్లి ధూళిలో చొరబడుతోందనడమూ అంతే నిజం. ఇలా ఇతర కారణాలపై ఆధారపడి కలగడాన్ని ప్రతీత్యసముత్పాదమని, అలా కలిగినదానికి సొంత స్వభావం లేకపోవడాన్ని శూన్యత అని నాగార్జునుని అనుసరించే మాధ్యమికులు అంటారు.

పడేవాడే లేడంటే పుణ్యపాపాలకు అర్థమేమిటని వైదికుడు ఆక్షేపించవచ్చు. నాగార్జునుడు శూన్యతను అభావంగా చెప్పలేదు. వ్యవహారంలో చెల్లే సంవృతి సత్యమని, పరమార్థ సత్యమని రెండు సత్యాలను అంగీకరించాడు కనుక, వెలుగూ పతనమూ వ్యవహారంలో నిజాలే. ఆత్మ ఉన్నదా లేదా అన్న చోట ఈ రెండు మతాలకు రాజీ లేదు. అయినా యయాతి పలికిన మాటలోని దోషాన్ని అవి ఒకే చోట చూపగలవు: అనేక కారణాల కూడికతో కలిగినదానికి ఒక్కడే యజమాని అనుకోవడం. ఆదిపర్వంలో అష్టకాదులైన మనుమలు తమ పుణ్యలోకాలను ఇవ్వజూపినా యయాతి వాటిని స్వీకరించడు. అయినా చివరకు అందరూ కలిసే స్వర్గానికి వెళతారు. తనకెవరూ సాటి లేరన్నవాడి ఉద్ధరణ సజ్జన సాంగత్యంలోనే జరగడం ఆ దోషానికి కథ చెప్పిన సమాధానం.

కనుక ఉల్కాపాతానికి భౌతిక కారణం తెలియడం వల్ల నష్టపోయేది శకునశాస్త్రమే. ఉల్క రేపటి కీడును చెప్పదు, కోరికలను తీర్చదు. ఆగస్టులో మబ్బులు కమ్మి అచ్చంపేటలో ఒక్క ఉల్క అయినా కనిపించకపోతే అందులో అశుభమూ లేదు. ఉల్కను చూసి శాంతి చేయించుకోవలసిన అవసరం లేదు గాని, తన విద్యలో, సంపదలో, పుణ్యంలో తాను ఒక్కడే సంపాదించినది ఎంత అని లెక్క చూసుకోవలసిన అవసరం మాత్రం ఆస్తికునికీ నాస్తికునికీ సమానంగా ఉంది.