తలమీద కప్పు ఉంటే చాలునా?



ఇంట్లో బిగుతైపోయిన చొక్కా ఉంటే "పారవేయడం దేనికి, ఎవరైనా పేదవారికి ఇద్దాం" అంటాము. మంచి మాటే. అయితే ఇచ్చేముందు దానికి గుండీలున్నాయో లేదో చూస్తున్నామా? లేక "వాళ్లకిది చాలులే" అనుకుంటున్నామా? ఈ చిన్న ప్రశ్నే నేడు పెద్ద నగరాలలో ఖాళీ ఆఫీసు భవనాల విషయంలో ఎదురవుతోంది.

2020లో కరోనా వచ్చాక ఎందరో ఇంటినుండే పని చేయడం అలవాటు చేసుకున్నారు. ఆ తరువాత కూడా చాలామంది పూర్తిగా ఆఫీసుకు తిరిగి రాలేదు. న్యూయార్క్ వంటి నగరాలలో అంతస్తులకు అంతస్తులే ఖాళీ అయ్యాయి. కెనడాలోని కాల్గరీ నగరానికి ఈ కష్టం అంతకుముందే, 2014లో చమురు ధర పడిపోయినప్పుడే మొదలయింది. 2021 నాటికి ఆ నగరం నడిబొడ్డున ఆఫీసు స్థలంలో దాదాపు మూడోవంతు ఖాళీ. ఒకవైపు తాళం వేసిన భవనాలు, మరోవైపు నిలువనీడ లేని మనుషులు. తాళం తీసి లోపలికి రమ్మంటే సరిపోదా అని మీరడగవచ్చు.

అది అంత తేలిక కాదు. ఆఫీసు అంతస్తు చాలా వెడల్పుగా ఉంటుంది. కిటికీలు అంచులలోనే ఉంటాయి. నడుమ భాగానికి పట్టపగలు కూడా దీపాల వెలుగే గతి. మరుగుదొడ్లన్నీ అంతస్తుకు ఒకచోటే ఉంటాయి. అది ఇల్లు కావాలంటే ప్రతి కుటుంబానికీ వేరుగా వంటగది, నీటి గొట్టాలు, గాలి, వెలుతురు కావాలి. న్యూయార్క్‌లో వాటర్ స్ట్రీట్ 25వ నంబరు భవనాన్ని సుమారు 1,300 ఇళ్లుగా మార్చినప్పుడు, లోపలికి వెలుతురు రావడానికి భవనం మధ్యలో అంతస్తులను తొలిచి రెండు పెద్ద ఖాళీలు వదిలారు. ఇదంతా ఖర్చుతో కూడిన పని. ఆ ఇళ్లలో నాలుగోవంతు మాత్రమే తక్కువ అద్దెకు ఇచ్చేవి. అదీ పన్ను రాయితీకి బదులుగా.

ఆ ఖర్చు తప్పించుకుంటే ఏమవుతుంది? ఇంగ్లండులో 2013 నుండి ఆఫీసులను ఇళ్లుగా మార్చడానికి మామూలు ప్రణాళికా అనుమతి అక్కరలేదన్నారు. హార్లో పట్టణంలో టెర్మినస్ హౌస్ అనే 14 అంతస్తుల ఆఫీసు భవనం 2018లో 200కు పైగా చిన్న ఇళ్లుగా మారింది. ఇల్లు లేని కుటుంబాలను లండన్‌లోని స్థానిక సంస్థలు అక్కడికి పంపాయి. కొన్ని ఇళ్లు 18 చదరపు మీటర్లే, అంటే సుమారు 200 చదరపు అడుగులు. వంట, నిద్ర, పిల్లల చదువు అన్నీ అక్కడే. విమర్శలు పెరిగాక ప్రభుత్వం ఇలా మార్చే ఇళ్లలోని గదులకు తగిన పగటి వెలుతురు ఉండాలని 2020లో నియమం పెట్టింది. 2021 ఏప్రిల్ నుండి ఒక్కరుండే ఇంటికైనా కనీసం 37 చదరపు మీటర్లు ఉండాలన్నది.

"వీధిలో ఉండేకన్నా ఆ గది మేలు గదా! నియమాలు బిగిస్తే భవనం ఖాళీగానే ఉంటుంది, మనిషి వానలోనే ఉంటాడు" అని కొందరంటారు. ఈ మాటను సులువుగా కొట్టివేయలేము. ఆకలిగొన్నవానికి చద్దన్నమే పరమాన్నం. అయితే చద్దన్నం ఒక పూటకు. ఇల్లు అలా కాదు. అందులో బిడ్డ పెరుగుతుంది, ముసలితల్లి మంచాన పడుతుంది. ఆపదలో ఒక రాత్రికి ఇచ్చే ఆశ్రయం వేరు, ఏళ్ల తరబడి బ్రతకమని ఇచ్చే ఇల్లు వేరు. మొదటిదాని కొలతతో రెండవదానిని కొలవడమే మనం చేసే పొరపాటు. పైగా "ఇదైనా మేలే" అనే మాట పుచ్చుకునేవాని నోట వస్తే అది కృతజ్ఞత. ఇచ్చేవాని నోట వస్తే అది చిన్నచూపు.

మరి ఖర్చు ఎవరు భరించాలి? కాల్గరీ నగరపాలక సంస్థ 2021లో ఒక పథకం పెట్టి, మార్చే ప్రతి చదరపు అడుగుకు 75 డాలర్ల చొప్పున ప్రజల సొమ్ము ఇవ్వజూపింది. అయినా అలా మారిన ఇళ్లలో ఎక్కువభాగం మామూలు అద్దెకు పోయేవే. పేదలకు మిగలాలంటే లాభం కోరని చేతులు కలవాలి. అక్కడి సియెర్రా ప్లేస్ అనే ఆఫీసు భవనాన్ని లాభాపేక్ష లేని ఒక సంస్థ చేపట్టి, నియోమా అనే పేరుతో 82 ఇళ్లుగా మార్చింది. ఇల్లు కోల్పోయిన కుటుంబాలకు తాత్కాలిక ఆశ్రయం కూడా ఆ కప్పు కిందనే ఉంది. కనుక ఇది జరగని పని కాదు. కాని దయ ఒక్కటే చాలదు, డబ్బూ ఓపికా కూడా కావాలి.

ఐక్యరాజ్యసమితి 1987ను నిరాశ్రయుల సంవత్సరంగా పాటించింది. ఆ ఏడాది చివర వాటికన్‌లోని న్యాయశాంతి సంఘం వెలువరించిన పత్రానికి ఒక ప్రశ్ననే శీర్షికగా పెట్టింది. నిలువనీడ లేని నీ సోదరునికి నీవేమి చేశావని ఆ ప్రశ్న. "ఏదో ఒకటి ఇచ్చాను" అన్నది దానికి పూర్తి జవాబు కాదేమో.

మనలో ఆఫీసు భవనాలున్నవారు ఎవరూ ఉండకపోవచ్చు. కాని అద్దెకిచ్చే వెనుకవాటానో, పనివారికి కేటాయించిన గదినో, తాళం వేసి ఉంచిన పైభాగమో కొందరికైనా ఉంటుంది. ఈ ఆదివారం ఒకసారి ఆ తలుపు తీసి లోపల నిలబడండి. గాలి వస్తోందా? వెలుతురు ఉందా? మీ బిడ్డను అక్కడ పడుకోబెడతారా? పెడతానని మనసు చెబితే, ఆ గది ఇంకొకరి బిడ్డకూ తగినదే.