తేనెటీగలది ఏ పక్షం?

1914 నవంబరు తొలి రోజుల్లో, ఇప్పటి టాంజానియా తీరంలోని టాంగా రేవును పట్టుకోవడానికి బ్రిటిష్ ఇండియా సేన ఓడలు దిగింది. దిగినవాళ్లు సుమారు 8,000 మంది, ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. ఎదుట పాల్ ఫాన్ లెటో-ఫోర్బెక్ కింద ఉన్న జర్మన్ పక్షం దాదాపు 1,000 మంది. తుపాకుల మోతకు అక్కడి తేనెపట్లు రేగాయి. ఒకప్పటి హైదరాబాద్ కంటింజెంట్ వారసత్వం గల 98వ పదాతి దళం మీద తేనెటీగలు ముసురుకుంటే సిపాయిలు చెల్లాచెదురయ్యారు. జర్మన్ పక్షాన్నీ అవి వదల్లేదు. బ్రిటిష్ వారి ఓటమికి కారణాలు వేరే చాలా ఉన్నాయి. కానీ తర్వాత జరిగిన ప్రచారం మాత్రం మనిషి మనసును బాగా పట్టిస్తుంది: జర్మన్లు దారుల్లో తీగలు కట్టి, కావాలనే పట్లు కదిలించారన్న కథ బయల్దేరింది. యుద్ధంలో రెండు సంకల్పాలే ఉంటాయని, మూడోది కనబడితే అది శత్రువు పన్నాగమే అయి ఉండాలని నమ్మేవాళ్లకు, తేనెటీగ తన గూడు కోసం కుట్టిందన్న మాట మింగుడుపడదు.

సైన్స్ ఫిక్షన్ యుద్ధక్రీడలు ఆడేవాళ్లకు ఇదే చిక్కు వేరే రూపంలో ఎదురవుతుంది. టేబుల్ మీద వేరే గ్రహపు నేల, శిథిలాలు, రంగులద్దిన చిన్న సైనికుల బొమ్మలు, కొలత టేపు, పాచికలు. ఇటు ఒక సేన, అటు ఒక సేన. ఈ మధ్య చాలామంది ఆ నేలకు జంతువులను కూడా జోడిస్తున్నారు. జోసెఫ్ మెకల్లో రాసిన ఇలాంటి ఆటల్లో ఫ్రాస్ట్‌గ్రేవ్ 2015లో, అంతరిక్షంలో సాగే స్టార్‌గ్రేవ్ 2021లో వచ్చాయి. ఎవరి అదుపులోనూ లేని ప్రాణులకు ఫ్రాస్ట్‌గ్రేవ్‌లో ప్రత్యేకంగా ఒక వంతు ఉంటుంది: ఆటగాళ్ల కదలికలు అయ్యాక ఆ ప్రాణి తనకు కనబడిన దగ్గరి మనిషి వైపు వెళ్తుంది, ఎవరూ కనబడకపోతే ఏదో ఒక దిక్కుకు తిరుగుతుంది. ఆట నడవడానికి ఇది చాలు. కానీ ఆ ప్రాణి ఊహకు అందకపోవడం దేనివల్ల అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇది పాత ప్రశ్న. జగత్తుకు మూలమేదని విచారిస్తూ శ్వేతాశ్వతరోపనిషత్తు మొదటి అధ్యాయంలోనే కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛ వంటి కారణాలను వరసగా పేర్కొంది. ఆ ఉపనిషత్తు వీటిలో దేనితోనూ తృప్తి పడక ఈశ్వరుడి దగ్గరికి వెళ్తుంది. మనకు ఇక్కడ కావలసింది మాత్రం స్వభావాన్నీ యదృచ్ఛనూ విడివిడిగా లెక్కించిన ఆ వివేకం. ఆటలోని జంతువు ఊహకు అందకపోవడం స్వభావం నుంచి రావాలి, యదృచ్ఛ నుంచి కాదు.

ఎందుకంటే, ఒక్క పాచిక వేసి, ఒకటి పడితే పారిపోవడం, రెండు పడితే మేయడం, ఆరు పడితే మీద పడటం అని రాస్తే అన్నిటికీ సమాన అవకాశం ఇచ్చినట్టే. పారిపోవడానికీ మేయడానికీ చంపడానికీ ఒకేలా సిద్ధపడి ఉండే ప్రాణి ఏ లోకంలోనూ బతకదు. దానికి కళ్లూ కోరలూ అతికించినా అది ప్రాణి కాదు, నడిచే ప్రమాదం. అదే రెండు పాచికలు కలిపి వేస్తే లెక్క మారుతుంది: 36 కలయికల్లో ఆరు, ఏడు, ఎనిమిది కలిసి 16 సార్లు వస్తాయి, రెండూ పన్నెండూ ఒక్కొక్కసారే. మధ్య అంకెల దగ్గర ఆ జంతువు రోజూ చేసే పని రాయండి: చూపులేని భారీ శాకాహారి అయితే నీటిగుంట వైపు నడక. అంచుల్లో అరుదైనవి రాయండి: కింది అంచున బెదిరి పరుగు, పై అంచున ఎదురుదాడి. దగ్గర్లో పేలుడు జరిగితే నేల అదురుకు మొత్తంలో రెండు తగ్గించండి, పిల్ల వెనకాల ఉంటే రెండు కలపండి. ఇప్పుడు కూడా అది ఏం చేస్తుందో ఖాయంగా చెప్పలేం. అయినా దాన్ని గమనించినవాడికి, గమనించనివాడికి తేడా వస్తుంది.

అంతా చేసి చివరికి పాచికే కదా, స్వభావం అన్నది పైపూత కాదా అని అడగవచ్చు. బలమైన ఆక్షేపణే. అయితే పాచిక ఇక్కడ దేనికి గుర్తో చూడాలి. యాదృచ్ఛికం అని మనం పిలిచేది కారణాలు మనకు తెలియకపోవడమేనని గణితవేత్త లాప్లాస్ 1814లో తన సంభావ్యతా గ్రంథంలో వాదించాడు. జగత్తు మొత్తానికీ ఆ మాట చెల్లుతుందా అన్నది వేరే చర్చ, జంతువు విషయంలో మాత్రం చక్కగా అతుకుతుంది. దాని ఆకలి, భయం మనకు పూర్తిగా తెలియవు. ఆ తెలియని మేరకే పాచిక వేస్తున్నాం. నిన్నమొన్న ఓడ దిగిన సైనికుడికి ఆ గ్రహపు జంతువు గురించి ఎంత తెలుస్తుందో, ఆటగాడికీ అంతే తెలియడం న్యాయం. తెలివిగా ఆడినవాణ్ణి ఒక జంతువు ఓడించడం అన్యాయం కదా అనేవారికీ ఇదే జవాబు. కేవల యదృచ్ఛ అయితే అన్యాయమే. స్వభావం ఉన్నప్పుడు మాత్రం నేలను చదవడం, ఎక్కడ కాల్పులు జరపకూడదో తెలుసుకోవడం కూడా యుద్ధనైపుణ్యంలో భాగమవుతాయి.

మన వైపు నుంచి మరో ఆక్షేపణ రావచ్చు. కర్మను నమ్మేవాడికి ఏదీ ఊరికే జరగదు. వైకుంఠపాళిలో పాములకు రాక్షసుల పేర్లు, నిచ్చెనలకు సద్గుణాల పేర్లు. గవ్వ ఎలా పడినా పాము మింగితే అది పతనమే. ఆ పటం చెప్పే నీతిని నేను గౌరవిస్తాను, కానీ అందులో పాము పాముగా ఎక్కడా లేదు. జరిగిందంతా నాకు ఫలంగానో శిక్షగానో జరిగిందనుకోవడం కర్మ సిద్ధాంతాన్ని సగమే నమ్మడం, ఎందుకంటే ఆ ప్రాణికీ దాని కర్మ దానికుంది. బ్రహ్మసూత్రాల్లో ఈశ్వరుడికి పక్షపాతం లేదని చెప్పే సూత్రానికి భాష్యం రాస్తూ శంకరులు వానను ఉదాహరణగా తెచ్చారు. వాన అన్ని పైర్లకూ ఒకటే, మొలకల తేడా ఆయా విత్తనాల్లోని శక్తి వల్ల. అంటే దేవుణ్ణి నమ్మినా ప్రతి జీవికీ తనదైన స్వభావాన్ని ఒప్పుకోక తప్పదు. జంతువును నా కథలో పాత్రగా కుదించడం భక్తి కాదు, అహంకారం.

కల్పిత జంతువే కదా, ఇంత విచారం దేనికి అనవచ్చు. బొమ్మకు నొప్పి లేదు, నిజమే. ఆడేవాడి చూపు మాత్రం కల్పితం కాదు. ప్రతి జంతువునూ అడ్డుగానో, చంపితే పాయింట్లు వచ్చే సరుకుగానో చూడటం గంటల తరబడి సాధన చేస్తే ఆ చూపు అలవాటవుతుంది. యుద్ధపు ఆటలో అహింస వెతకడం వింతగా తోచవచ్చు. కానీ ఆ రెండు సేనలూ ఆయుధం పట్టి వచ్చినవి, ఆ జంతువు ఎవరితోనూ యుద్ధం ప్రకటించలేదు. అందుకే ఇలాంటి ఆటలకు రూల్స్ రాసుకునే మిత్రులను ఒకటే కోరుతున్నాను: కొత్త ప్రాణికి కోరల బలం, కవచం లెక్కలు వేసే ముందు అది ఏం తింటుందో, దేనికి భయపడుతుందో, దేన్ని కాపాడుకుంటుందో మూడు వాక్యాల్లో రాయండి. దాన్ని చంపినందుకు పాయింట్లు ఇవ్వకండి. దాన్ని కదిలించకుండా పక్కనుంచి దాటిపోయిన దళానికి ఇవ్వండి.