నెమ్మదిగా ఇంటికి రావడం ఎవరికి చెల్లుతుంది?

తండా అంటే ఇప్పుడు మనకు ఊరు. ఓటరు జాబితాలోనూ, రేషను కార్డులోనూ అదే రాస్తాం. ఒకప్పుడు తండా అంటే నడిచేది. ఎడ్ల మీద గోనెసంచుల్లో ఉప్పు, ధాన్యం వేసుకుని, మేత, నీళ్లు దొరికిన చోటల్లా ఆగుతూ, రోజుకు కొద్ది మైళ్లు మాత్రమే కదిలే బిడారు. మా గోర్ బోలీలో ఆ వర్తకాన్ని లదేణి అంటారు. 1791లో టిప్పు సుల్తాను మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి కూడా బంజారా ఎడ్లే ధాన్యం చేరవేశాయి. ఆ జనం ఇంటికి తిరిగి రావడమంటూ లేదు. ఇల్లు ఎడ్లతోపాటే నడిచేది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నూజివీడు మామిడి తోటల్లో కోతకు వెళ్లే కూలీ ఇంట్లో పుట్టి, జర్మనీలో చదువుకుంటున్న మా తండా కుర్రాడు ఈ మధ్య ఫోనులో ఒక ప్రశ్న అడిగాడు. "మాస్టారూ, ఈసారి కాయ దిగే వేళకి విమానం ఎక్కకుండా రైళ్లలో, సరుకు ఓడలో ఇంటికి రావాలనుకుంటున్నా. మంచి పనేనా?" విమానం పొగ భూమిని వేడెక్కిస్తోందన్నది వాడి బాధ. ఆ బాధ నిజమైనదే. స్వీడన్‌లో విమానం ఎక్కడానికి సిగ్గుపడటం అనే అర్థంలో ఒక మాటే పుట్టింది. గ్రెటా థన్‌బర్గ్ 2019 ఆగస్టులో తెరచాప పడవలో అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరింది. పూత రాలిపోయిన తోటలు చూస్తున్న మనకు, ఎండల సంగతి మరొకరు చెప్పనక్కర్లేదు.

అయినా నేను వెంటనే "మంచిదే" అనలేదు. నెమ్మదిగా నడవడాన్ని లోకం ఎప్పుడూ ఒకే కంటితో చూడలేదు.

రైలు వచ్చాక లదేణి పడిపోయింది. ఎడ్లతో తిరిగే జనం సర్కారుకు అనుమానాస్పదులయ్యారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ చట్టం కింద పేరెక్కినవాళ్లు పోలీసు స్టేషనులో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఎరుకల వాళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువర్టుపురం అలా పుట్టిందే. స్వతంత్రం వచ్చాక, 1952లో గానీ ఆ చట్టం పోలేదు. అంటే, తీరిగ్గా దేశం చుట్టివచ్చే దొర యాత్రికుడైతే, అలాగే తిరిగే మన తాత నేరస్థుడు. కాళ్లు అవే, దారీ అదే.

ఇక పరదేశం నుంచి నేల మీద ఇంటికి వచ్చిన తెలుగువాళ్లు లేకపోలేదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో, బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనేవారు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది వాళ్లే. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. విమానాల్లో, ఓడల్లో చోటు కొద్దిమందికే. తెల్లవాళ్లకు ముందు చోటిస్తున్నారని ఆనాడే గోల లేచింది. లక్షల మంది భారతీయులు కాలినడకన బయలుదేరారు. కొందరు టౌంగప్ కనుమ దాటి అక్యాబ్ చేరి, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కు వచ్చారు. కొందరు తమూ మీదుగా ఇంఫాల్‌కు, మరికొందరు హుకావ్‌ంగ్ లోయ గుండా లెడోకు వచ్చారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేల మంది దారిలోనే రాలిపోయారు.

ఆ దారుల చివర బాటలు వేసి, శిబిరాలు కట్టిన వాళ్లెవరో మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు. అస్సాం టీ తోటల కూలీలు. వాళ్లలో ఎంతోమంది ఛోటానాగపూర్ నుంచి, ఇతర కొండల నుంచి తీసుకుపోయిన ఆదివాసీల సంతానం. తమకే ఇల్లు దూరమైనవాళ్లు, ఇంకొకరు ఇల్లు చేరడానికి రాళ్లు పగలగొట్టారు. పిల్లలకు ఈ సంగతి ఏ తరగతిలో చెప్పాలో ఉపాధ్యాయులం ఆలోచించాలి.

మళ్లీ మా కుర్రాడి దగ్గరికి వస్తాను. రైళ్లలో ఇస్తాంబుల్ దాకా రావచ్చు. ఆపైన ఇరాన్, పాకిస్తాన్ దాటాలి. అట్టారీ గేటు 2025 ఏప్రిల్‌లో మూతపడింది. అందుకే వాడు ఓడ అంటున్నాడు. సరుకు ఓడలో పన్నెండు మందికి మించి ప్రయాణికుల్ని ఎక్కించుకుంటే, అంతర్జాతీయ నియమాల ప్రకారం అది ప్రయాణికుల ఓడ కిందికి వస్తుంది. కనుక ఉన్న చోటే కొంచెం. కరోనా తర్వాత చాలా కంపెనీలు అదీ ఆపేశాయి. దొరికినా విమానం టికెట్ కంటే ఖర్చు ఎక్కువ, వారాలు పడుతుంది.

వారాలు ఎవరి దగ్గరున్నాయి? కువైట్‌లో ఇంటిపని చేసే గోదావరి జిల్లాల ఆడమనిషికి రెండేళ్లకోసారి సెలవు దొరికితే గొప్ప. పాస్‌పోర్టు యజమాని దగ్గరుంటుంది. తల్లి పోయిందన్న కబురొస్తే ఆమె విమానమే ఎక్కాలి, అదీ అప్పు చేసి. ఆమె పొగనూ, సరదాకి నెలకు రెండుసార్లు ఎగిరేవాళ్ల పొగనూ ఒకే తూకంలో వేసే నీతి నాకు నీతిగా తోచదు.

అలాగని మా వాడిని రావద్దనలేదు. నేల మీద వచ్చేవాడికి దారిలోని మనుషుల ముఖాలు తెలుస్తాయి. వాళ్ల నీళ్లు తాగుతాడు, వాళ్ల భాషలో దారి అడుగుతాడు, వాళ్లకు ఎంతోకొంత బాకీ పడతాడు. లదేణిలో మా వాళ్లు అలాగే బతికారు. పైనుంచి ఎగిరిపోయేవాడికి ఆ బాకీ లేదు. అది పెద్ద లోటని నా నమ్మకం. "నేను ఎగరలేదు" అని వచ్చి మన గల్ఫు అక్కల ముందు గొప్ప చెప్పుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

ఇంకొకటి కూడా చెప్పాను. ఆ ఓడలో వాడు కిటికీ పక్కన పుస్తకం చదువుకుంటుంటే, కింద ఇంజను గదిలో మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే చెమటలు కక్కుతుంటారు. 2020లో దేశాలు రేవులు మూసుకున్నప్పుడు, ఒప్పందం గడువు అయిపోయినా సుమారు 4 లక్షల మంది నావికులు దిగే వీలు లేక ఓడల్లోనే ఉండిపోయారు. సరుకు మాత్రం ఆగలేదు. వాడి నెమ్మది ప్రయాణాన్ని మోసేది వాళ్లే. టికెట్ తీసుకునే ముందు ఆ కంపెనీ నావికుల్ని ఎన్ని నెలలకోసారి ఇంటికి పంపుతుందో రాసి అడగమన్నాను. ఉత్తరం రాశాడట, జవాబు ఇంకా రాలేదు.